నావికుడు లేని నావ: నికోలా టెస్లా జీవితము

2022వ సంవత్సరము జనవరి 29వ తేదీ సాయంకాలమున ఢిల్లీ నగరమునందలి విజయ్ చౌక్‌లో జరిగిన బీటింగ్ రిట్రీట్ ఉత్సవమున వేయి డ్రోనులు ఆకసమునకు లేచి దీపములతో చిత్రములను రచించెను. వానిలో ఒక్కదానియందైనను మనుష్యుడు లేడు. అట్టి దృశ్యమును చూచునపుడు ఆలోచనాపరునకు ఒక సందేహము కలుగక మానదు. ఇన్ని యంత్రములు ఒక్కచోట ఎగురుచుండగా, చుట్టుపట్ల వేలకొలది సెల్‌ఫోనులును, పోలీసువారి వైర్‌లెస్ పెట్టెలును అదే ఆకాశమున మాటలాడుచుండగా, తన కొరకు పంపబడిన ఆజ్ఞ ఏదో, పరులకు పంపబడినది ఏదో ఒక్కొక్క యంత్రము ఎట్లు గుర్తించును? గుర్తింపలేక పరుల పిలుపునకు పలికినచో అది పోయి ఎవరి నెత్తిన పడును?

ఈ సందేహము మన కాలమున క్రొత్తగా పుట్టినది కాదు. విమానమే లేని రోజులలో, రేడియో అను మాట ఇంకను వాడుకలోనికి రాని రోజులలో, 1898వ సంవత్సరమున ఒక వ్యక్తి నావికుడు లేని చిన్న నావనొకదానిని నీటిపై నడిపి, ఆ వెంటనే ఈ సందేహమునకు సమాధానమును కూడ వెదక మొదలిడెను. ఆయనయే నికోలా టెస్లా. నేటి మన పిల్లలలో పలువురకు ఆ పేరు ఒక మోటారుకారు పేరుగా మాత్రమే తెలియుట విచారకరము.

టెస్లా 1856వ సంవత్సరము జూలై 10వ తేదీన స్మిల్యాన్ అను పల్లెలో జన్మించెను. నాడు ఆ ప్రాంతము ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. నేడు క్రొయేషియా దేశములో ఉన్నది. వారిది సెర్బు కుటుంబము. తండ్రి మిలుటిన్ ఆర్థొడాక్సు క్రైస్తవ మతాచార్యుడు. తల్లి జూకా చదువు నేర్వని ఇల్లాలు. అయినను ఇంటిపనికి కావలసిన పనిముట్లను తన చేతులతోనే కల్పించుకొనెడి నేర్పరి; తన జాతి వీరగాథలను ఎన్నింటినో కంఠస్థము చేసిన ధారణాశాలిని. అక్షరము రాని అవ్వలు పురాణకథలను ఆద్యంతము అప్పగించుట మన పల్లెలలో చూచినవారికి ఇది వింతగా తోచదు. తన కల్పనాశక్తి తల్లివైపునుండి వచ్చినదే అని టెస్లా జీవితాంతము నమ్మెను.

కుమారుడు తనవలెనే మతాచార్యుడు కావలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సు యంత్రములమీద. 1873లో కలరా సోకి బాలుడు నెలల తరబడి మంచము పట్టెను. బ్రతికినచో ఇంజనీరింగు చదివించెదనని తండ్రి అప్పుడు మాట ఇచ్చెను. కొడుకు బ్రతికెను, తండ్రి మాట నిలుపుకొనెను.

1875లో టెస్లా గ్రాజ్ నగరమునందలి సాంకేతిక విద్యాలయమున చేరెను. అచ్చట ఆచార్యుడు చూపిన డైనమో యంత్రమున కమ్యుటేటరు అను భాగమునుండి నిప్పురవ్వలు ఎగయుట చూచి, ఆ భాగము లేకయే యంత్రమును నడుపవచ్చునని విద్యార్థి పలికెను. అది అసాధ్యమని ఆచార్యుడు తరగతి ఎదుటనే నిరూపింప బూనెను. టెస్లా పట్టము పొందకయే ఆ విద్యాలయమును వీడెను గాని, ఆ ఆలోచనను మాత్రము వీడలేదు. 1882లో బుడాపెస్టు నగరమున ఒక ఉద్యానవనమున మిత్రునితో నడచుచుండగా సమాధానము ఆయనకు స్ఫురించెను. తమ తమ ఎత్తుపల్లములు వేరువేరు క్షణములయందు వచ్చునట్టి రెండు ఏకాంతర విద్యుత్ప్రవాహములను తీగచుట్టలలో పంపినచో, వానివలన పుట్టిన అయస్కాంత క్షేత్రము తనంత తానే గిరగిర తిరుగును. దానిని వెంబడించి మోటారు తిరుగును. నిప్పురవ్వల బెడద ఉండదు. నేడు మన పొలములలో నీరు తోడుచున్న మూడు ఫేజుల మోటారులకు మూలము ఈ ఊహయే.

1884లో ఆయన న్యూయార్కు చేరి ఎడిసను సంస్థలో కొలది నెలలు పనిచేసెను. ఎడిసను ఏకముఖ విద్యుత్తును పట్టుకొని కూర్చున్నవాడు. ఇరువురకు పొత్తు కుదురలేదు. ఆ పిమ్మట ఒక దశలో ఇంతటి మేధావి పొట్టకూటికై వీధులలో కందకములు త్రవ్వెను. 1888లో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఆయన పేటెంటులను గైకొనిన తరువాత దశ తిరిగెను. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనము ఆయన పద్ధతిని అనుసరించిన విద్యుత్తుతో వెలిగెను. 1896 నవంబరులో నయాగరా జలపాతపు విద్యుత్తు బఫెలో నగరమునకు చేరెను. ఈ విజయములను గూర్చి ఎందరో వ్రాసియున్నారు కనుక నేను ఇంతటితో విడిచెదను.

ఆ 1896లోనే న్యూయార్కులో స్వామి వివేకానందుడును టెస్లాయు కలిసికొనిరి. ఆకాశము, ప్రాణము అను సాంఖ్య వేదాంత భావములను స్వామి వివరింపగా శాస్త్రజ్ఞుడు ముగ్ధుడయ్యెను. పదార్థమును, శక్తిని ఒకే మూలమునకు తగ్గింపవచ్చునని గణితముచే చూపుదునని ఆయన ఆశపడెను గాని, ఆ పని ఆయనవలన కాలేదు. అయినను ఆకాశము, ప్రాణము అను సంస్కృత పదములను తరువాతి తన రచనలో ఆయన వాడుకొనెను. దీనిని ఆధారముగా చేసికొని టెస్లా విజ్ఞానమంతయు మన ఉపనిషత్తులనుండి వచ్చినదని చెప్పెడివారు కలరు. అది అతిశయోక్తి. ఆయన మోటారు స్వామి అమెరికాలో అడుగిడుటకు చాల ముందే పుట్టినది.

ఇక నిస్తంత్రీ తరంగముల కథకు వత్తము. హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తీగలేకయే విద్యుత్తరంగములు ప్రసరించునని 1888 నాటికే ప్రయోగముచే చూపెను. ఆ తరంగములను పుట్టించుటకు నాడు వాడిన సాధనము నిప్పురవ్వ. అది సంతలో తప్పెట కొట్టినట్టిది. అందరి చెవులును అదురును, ఎవరిని పిలిచినదో ఎవరికిని తెలియదు. టెస్లా దీనికి శ్రుతిని చేర్చెను. ఒకే శ్రుతికి సవరించిన రెండు తంబురాలను దగ్గర దగ్గరగా ఉంచి ఒకదానిని మీటినచో రెండవది తానై మెల్లగా పలుకుట సంగీతజ్ఞులు ఎరుగుదురు. శ్రుతి వేరైనచో అది పలుకదు. అట్లే ప్రసారయంత్రమును, గ్రాహకయంత్రమును ఒకే పౌనఃపున్యమునకు సవరించిన తీగచుట్టలతో అమర్చినచో, ఆ పౌనఃపున్యముననే అది గట్టిగా స్పందించును. 1893లో ఫిలడెల్ఫియా, సెయింట్ లూయీ నగరములలో చేసిన ఉపన్యాసములలో ఆయన నిస్తంత్రీ ప్రసారమును గూర్చిన ఊహలను వెల్లడించెను. 1895 మార్చిలో ఆయన ప్రయోగశాల అగ్నికి ఆహుతియై సంవత్సరముల శ్రమ బూడిదయ్యెను. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను.

ఆ పునరారంభము యొక్క ఫలమే నావ. అది సుమారు నాలుగడుగుల పొడవుగల ఇనుప నావ. లోపల బ్యాటరీ, చుక్కానిని త్రిప్పు మోటారు, చక్రమును త్రిప్పు మోటారు, మీద చిన్న దీపములు. తరంగము తగులగానే కోహిరరు అను గొట్టములోని లోహపు రజను విద్యుత్తునకు దారి ఇచ్చును. వెంటనే ఒక చిన్న యంత్రము గొట్టమును తిరగవేసి తరువాతి ఆజ్ఞకు సిద్ధపరచును. ఒక్కొక్క ఆజ్ఞ అందినపుడు లోపలి పళ్లచక్రము ఒక్కొక్క మెట్టు జరిగి, ఎడమకు, నేరుగా, కుడికి అను క్రమమున చుక్కానిని మార్చును. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దీనిని ప్రదర్శించెనని ప్రసిద్ధి. ప్రేక్షకులు నావను ప్రశ్నలడుగుచుండిరట. అరువది నాలుగునకు ఘనమూలమెంత అని అడుగగా నావమీది దీపము నాలుగు మారులు వెలిగెనట. బదులిచ్చినది నావ కాదు, దూరమున నిలిచి మీట నొక్కుచున్న టెస్లా. కాని తీగ కనబడనందున చూచినవారికి అది ఇంద్రజాలమే అయ్యెను.

పేటెంటు కచేరీవారును నమ్మలేదు. ప్రధాన పరీక్షకుడు స్వయముగా న్యూయార్కు వచ్చి కన్నులార చూచిన పిదప 1898 నవంబరు 8వ తేదీన 613,809 సంఖ్యగల పేటెంటు మంజూరయ్యెను. వినునది చూచునదానితో సరిపోల్చి ఉత్తరువు వ్రాసిన ఆ అధికారిని మన వంటి కచేరీ ఉద్యోగులు తలచుకొనదగును. మరియొక అధికారి సంగతియు కలదు. ఈ సాధనమును ప్రభుత్వమునకు సమర్పింప బోయినపుడు వాషింగ్టనులోని ఒక ఉద్యోగి పకపక నవ్వి పంపివేసెనని టెస్లా తరువాత వ్రాసికొనెను. ఆ దస్త్రము మీద ఏమి వ్రాయబడెనో గాని, పేటెంటు పత్రమును నేడు చదివినవారికి ఆ నవ్వు వింతగా తోచును. నావయే కాదు, బెలూనైనను, బండియైనను ఇట్లు నడుపవచ్చునని అందు వ్రాయబడినది. ఉత్తరములు, పొట్లములు, ఆహారపదార్థములు మోసికొని పోవుటకు, మనుష్యులు చేరరాని ప్రదేశములతో సంబంధము కలుపుటకు ఇది ఉపయోగపడునని కూడ కలదు. యుద్ధమున దీని శక్తికి జడిసి జాతులు యుద్ధమునే మానునని కూడ ఆయన ఆశించెను. ఆ ఆశ ఏమైనదో లోకమెరుగును. మొదటి ఉపయోగము మాత్రము నిజమైనది. 2021 సెప్టెంబరులో తెలంగాణలోని వికారాబాదు ప్రాంతమున ఆస్పత్రులకు డ్రోనులచే మందులు, టీకాలు చేరవేయు ప్రయత్నము జరిగినది. నూట ఇరువదిమూడేండ్లకు పూర్వము వ్రాసిన వాక్యము మన తెలుగుదేశపు పొలములమీద ఎగిరినది.

అయితే నావలో ఒక లోపము కలదు. దానిని మొదట కనిపెట్టినవాడును టెస్లాయే. కోహిరరు ఏ గట్టి తరంగము తగిలినను లొంగిపోవును. శ్రుతి ఎంత సవరించినను, శత్రువు ఆ శ్రుతిని కనుగొని అదే పౌనఃపున్యమున గట్టిగా ప్రసారము చేసినచో నావ వాని వశమగును. అది శత్రువే కానక్కరలేదు. అజ్ఞానియైన ఇరుగుపొరుగువాడైనను చాలును. యజమాని చేతిలో మీట ఉండియు యంత్రము మాట వినని ఆ క్షణమే ఇట్టి సాధనములన్నింటి ప్రాణాపాయ క్షణము.

ఇందుకై ఆయన 1900 జూలైలో రెండు దరఖాస్తులు పెట్టెను. అవి 1903లో పేటెంటులయ్యెను. అందలి సూత్రము మనకు సులభముగా బోధపడును. ట్రెజరీలలోని జంట తాళపు పెట్టె రెండు తాళపుచెవులు కలిసినప్పుడే తెరచుకొనును. ఒక్కటి ఎవని చేతికి చిక్కినను ప్రయోజనము లేదు. అట్లే టెస్లా రెండు గాని అంతకు మించి గాని వేరువేరు పౌనఃపున్యములను ఒకే ఆజ్ఞకు నియోగించెను. అన్నియు చేరినప్పుడే గ్రాహకయంత్రము కదలును. పిడుగువలన పుట్టిన తరంగము ఒకదానిని కదిలించినను రెండవది నిద్రించుచునే ఉండును. 1942 ఆగస్టులో హెడీ లమార్ అను సినిమా నటియు, జార్జి ఆంథీల్ అను సంగీతకర్తయు కలిసి టార్పెడోల కొరకు మరియొక పద్ధతికి పేటెంటు పొందిరి. అందు ప్రసారకము, గ్రాహకము రెండును ముందుగా కుదుర్చుకొన్న క్రమమున ఎనుబది ఎనిమిది పౌనఃపున్యములమీద గంతులు వేయును. ఇది టెస్లా పద్ధతి కాదు, దానినుండి నేరుగా పుట్టినదియు కాదు. కాని ప్రశ్న ఒక్కటే. నేటి చిన్న డ్రోనులలో పెక్కు ఈ గంతులు వేయు పద్ధతినే ఏదో ఒక రూపమున వాడుచున్నవి.

ఇచ్చట నాకు తోచిన మాట ఒకటి చెప్పెదను. టెస్లా సమస్యను సరిగా చూచెను. సమాధానమును సగమే చూచెను. యంత్రమునకు మంచి తాళము వేసినచో చాలునని ఆయన భావన. కాని వీధిలో అందరును ఒక్కసారి కేకలు వేయుచున్నచో మన తలుపునకు ఎంత గట్టి తాళమున్నను మన పిలుపు ఇంట వినబడదు. తాళముతోపాటు వీధికి కట్టుబాటు కావలెను. ఆ కట్టుబాటును ఒక మేధావి తన ప్రయోగశాలలో కనిపెట్టజాలడు. దేశములు కూర్చుండి ఒడంబడవలెను. అదియు మెల్లగా జరిగెను. 1906లో బెర్లినులో జరిగిన సమావేశమున ఓడల వార్తలకు 300, 600 మీటర్ల తరంగదైర్ఘ్యములను నిర్ణయించిరి. 1912లో టైటానిక్ ఓడ మునిగిన పిదప, ఆ సంవత్సరముననే అమెరికాలో ప్రసారమునకు లైసెన్సు తప్పనిసరి అయ్యెను. 1927లో వాషింగ్టను సమావేశమున ఏ సేవకు ఏ పౌనఃపున్యములో పట్టిక వేసిరి. నేటి అంతర్జాతీయ పట్టికకు అదియే పెద్దమ్మ. మన దేశమున ఈ పనికై 1952లో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము ఏర్పడెను. భూమిని కొలుచు సర్వేయరు గొలుసు అందరికిని కనబడును. కంటికి కనబడని వస్తువును కొలిచి పంచుచున్న ఈ విభాగపు శ్రమ పొరుగు గదిలోని ఉద్యోగికి కూడ తెలియదు.

డ్రోనునకును దాని యజమానికిని నడుమ నడచు సంభాషణ మూడు తెరగులు. క్రిందినుండి మీదికి పోవు ఆజ్ఞ ఒకటి. తానెక్కడ ఉన్నదో, ఎంత ఎత్తున ఉన్నదో, బ్యాటరీ ఎంత మిగిలినదో మీదినుండి క్రిందికి వచ్చు విన్నపము రెండవది. తాను తీసిన చిత్రము మూడవది. చిత్రమునకు చాల చోటు కావలెను గాని, అది క్షణకాలము చెదరినను కొంప మునుగదు. ఆజ్ఞకు కొంచెము చోటు చాలును గాని, అది చెదరరాదు. ఈ భేదమును గుర్తించియే 2012లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశము 5030 నుండి 5091 మెగాహెర్ట్జుల వరకు గల భాగమును మానవరహిత విమానముల నియంత్రణకు తెరచెను. చిత్రములకు అచ్చట తావు లేదు.

అయినను మనము పెండ్లిండ్లలో చూచు చిన్న డ్రోనులు ఆ రాజమార్గమున పోవు. అవి సామాన్యముగా 2.4, 5.8 గిగాహెర్ట్జుల ప్రాంతమున వైఫై పెట్టెలతో భుజములు రాచుకొని పోవును. 2.4 గిగాహెర్ట్జుల భాగమును తక్కువ శక్తిగల సాధనములకు లైసెన్సు లేకయే వాడుకొననిచ్చు నియమములను భారత ప్రభుత్వము 2005లో ప్రకటించెను. ఆ అనుమతి వెంట ఒక షరతు కలదు. ఎవరికిని అడ్డము కలిగింపరాదు. తనకు అడ్డము కలిగినదని ఫిర్యాదు చేయుటకును హక్కు లేదు. ధర్మసత్రములో చాప పరచుకొన్నట్టిది. పెట్టె పోయినచో సత్రమువారిని అడుగరాదు. కొలదిమంది ఉన్నంతకాలము సత్రము సుఖమే. డ్రోనుల సంఖ్య పెరిగిన కొలది, మందులపెట్టె మోయుచున్న యంత్రమును ఆటవస్తువు ప్రక్కనే అదే సత్రములో ఉంచుట ఎంతవరకు తగునో ఆలోచింపవలసిన ప్రశ్న. నా అభిప్రాయమున తగదు. మనుష్యుల తలలమీదుగా దూరము పోవు యంత్రమునకు లైసెన్సుగల దారియే ఉండవలెను, దానికి వెల చెల్లింపవలసి వచ్చినను.

టెస్లా కథకు మరల వత్తము. 1899లో ఆయన కొలరాడో స్ప్రింగ్స్ అను కొండ ఊరికి పోయి కృత్రిమముగా మెరుపులను పుట్టించెను. 1901లో లాంగ్ ఐలండులో వార్డెన్‌క్లిఫ్ అను చోట పెద్ద గోపురమును కట్ట నారంభించెను. వార్తలే కాక విద్యుచ్ఛక్తిని కూడ తీగలేక ప్రపంచమంతట పంపవలెనని ఆయన స్వప్నము. మోర్గన్ అను ధనికుడు లక్షా యేబదివేల డాలర్లు ఇచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మార్కొని సామాన్యమైన సాధనములతోనే అట్లాంటికు దాటి ఒక అక్షరపు సంకేతమును అందుకొన్నట్టు ప్రకటించెను. మోర్గన్ ఆపై చేయి విదిలింపలేదు. 1917లో గోపురమును కూల్చివేసిరి. అభిమానులు ఏమనినను, శక్తిని ప్రపంచమంతట అట్లు పంపవచ్చునని ఆయన నిరూపింపలేదు. చిన్న నావను నడిపిన చేయి పెద్ద స్వప్నము బరువును మోయలేకపోయెను.

1909లో నోబెలు బహుమానము మార్కొనికిని, బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞునకును దక్కెను. 1917లో టెస్లాకు ఒక పతకము లభించెను. దాని పేరు ఎడిసను పతకము. వివాహము చేసికొనలేదు. బాకీలు పెరిగి హోటలు నుండి హోటలునకు మారుచుండెను. ఉద్యానవనములలో పావురములకు గింజలు చల్లుటయే వార్ధక్యమున ఆయన ఆనందము. రోగము సోకిన పావురములను గదికి తెచ్చి ఉపచారము చేసెడివాడు. 1943 జనవరి 7వ తేదీన న్యూయార్కర్ హోటలులో ముప్పది మూడవ అంతస్తునందలి గదిలో ఒంటరిగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఎనుబది ఆరు.

అయిదు నెలలు గడచిన పిదప జూన్ 21వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు మార్కొని కంపెనీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. శ్రుతి సవరించిన వలయములను గూర్చిన మార్కొని పేటెంటులోని ముఖ్యమైన హక్కులు చెల్లవనియు, లాడ్జి, టెస్లా, స్టోన్ అనువారు అంతకు ముందే ఆ మార్గమున పనిచేసిరనియు అందు తేలెను. రేడియోను కనిపెట్టినవాడు టెస్లాయే అని కోర్టు తీర్పు చెప్పినట్టు పలుచోట్ల వ్రాయుచున్నారు. తీర్పులో అట్లు లేదు.

1960లో అయస్కాంత క్షేత్ర తీవ్రతను కొలుచు ప్రమాణమునకు ఆయన పేరు పెట్టిరి. ఆయన కాగితములు, సాధనములు బెల్‌గ్రేడు నగరమునందలి మ్యూజియమునకు చేరినవి. చితాభస్మము అచ్చటనే ఒక బంగారుపూత గోళములో ఉంచబడియున్నది.